బాలింత సొర

ఆ ఏడు వేసవిలో మా అత్త కూర్మమ్మ నన్ను సంతలకు వెంట తిప్పింది. నాకు సంతలంటే సరదా అని కాదు, నా మీద ఆమెకు ప్రేమ పొంగిపొర్లి అంతకన్నా కాదు. 2016 అది. ఏప్రిల్ నడిమి నుంచి రెండు నెలలు వేట ఆపేశారు. కళింగపట్నంలో పడవలన్నీ ఇసుక మీదికి చేరాయి. మా ఆయన గోవింద్ వలలకు అతుకులు వేసుకుంటూ, మిగిలిన పొద్దు పేకాడుకుంటూ ఒడ్డునే ఉండిపోయాడు. మగాళ్ళు ఒడ్డున కూర్చుంటే ఇల్లు నడిపేది ఎండు చేపల గంపే. ముప్పై ఏళ్ళుగా ఆ గంపను మా అత్త ఒక్కర్తే మోసింది. అలాంటిది ఆ ఏడు, నువ్వూ రా, నేర్చుకోవాలి అంది.

నాకు ఒళ్ళు మండింది. పెళ్ళయి నాలుగేళ్ళయినా ఉప్పు కుండ మీద చెయ్యి వెయ్యనివ్వని మనిషి, ఇప్పుడేం నేర్పుతుందట? అయినా పైకి అనలేదు. మా అత్త నోటికి వీధిలో ఎదురు లేదు. మా వైపు పెద్దాడవాళ్ళు చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీలుస్తారు, అడ్డపొగ అంటారు దాన్ని. నిప్పు నోట్లో ఉండగా కూడా మా అత్త తిట్టగలదు. అలాంటి మనిషికి ఎవరు ఎదురు చెబుతారు?

గంప చూస్తే బస్సువాళ్ళు ఆపరు. అందుకని మా వీధి ఆడవాళ్ళం కలిసి లగేజీ ఆటో మాట్లాడుకునేవాళ్ళం. కోడి కూసేవేళకు బయలుదేరితే నరసన్నపేట దాటేసరికి తెల్లవారేది. ఒక్కో రోజు ఒక్కో ఊరి సంత. నిజం చెప్పొద్దూ, వారం తిరిగేసరికి ఆ తిరుగుడు నాకు నచ్చేసింది. పుట్టిల్లు భావనపాడు, మెట్టినిల్లు కళింగపట్నం తప్ప ఏమీ ఎరగనిదాన్ని. సముద్రానికి ఇంత దూరంలో ఇంతమంది మనుషులు మేం ఎండబెట్టిన చేప కోసం కాసుకుని కూర్చుంటారని నాకేం తెలుసు?

రాజాం సంతలో జనం బేరమాడటానికే పుట్టినట్టుండేవారు. కొనేది గుప్పెడు నెత్తళ్ళు, ఆడే బేరం ఎడ్లజతకి సరిపోయేది. అదే పాతపట్నం అవతల, కొండ కింద జరిగే బుధవారం సంత అయితే వేరు. పైన కప్పు లేదు, కింద అరుగు లేదు. బీడు నేల మీద పట్టాలు పరుచుకుని కూర్చోవడమే. కొండ దిగి వచ్చే సవరవాళ్ళు చీపుళ్ళు, పసుపు, పనసకాయలు తెచ్చి ఒక పక్కన పెట్టుకునేవారు. వాటిని అమ్ముకున్నాక మెల్లగా మా వైపు వచ్చేవారు. సరిహద్దు అవతలి ఒరియావాళ్ళు "సుఖువా కేతే?" అనేవారు. మొదటి రోజు నేను తెల్లమొహం వేశాను. ఎండు చేప ఎంత అని అడుగుతున్నాడే మొద్దూ అని అత్త మొట్టికాయ వేసింది. గాజుల దుకాణం ముందు నిలబడిపోయి నేను రెండుసార్లు తిట్లు కూడా తిన్నాను.

ఆ బుధవారం సంతలో మా అత్తది పెద్ద పేరు. మిగతా చేప ఎవరి దగ్గరైనా కొంటారు. బాలింతకు పెట్టే ఎండు సొర మాత్రం కూర్మమ్మ దగ్గరే కొంటారు. పురుడు పోసుకున్న పిల్లకు పాలు పడాలంటే సొర పెట్టాలి, అదీ నికార్సయిన సొర. చుట్టుపక్కల ఊళ్ళలో కూతుళ్ళకు, కోడళ్ళకు నెలలు నిండుతున్నాయంటే ముందు వారమే వచ్చి మా అత్త చెవిలో వేసి వెళ్ళేవారు. ఆమె ముక్క తీసి, మధ్యకి విరిచి, కళ్ళు మూసుకుని వాసన చూసి, ఇది పట్టుకెళ్ళు అనేది. తీసుకున్నవాళ్ళు మళ్ళీ వాసన చూసేవారు కారు. దేవుడి దగ్గర ప్రసాదాన్ని ఎవరైనా వాసన చూస్తారా?

సొరకు పుట్టుకతోనే ఒక ఘాటు ఉంటుంది, ముక్కులో సూది గుచ్చినట్టు. పాడైన కంపు వేరు. ఆ రెంటికీ తేడా కంటికి కనబడదు. పైన ఉప్పు పేరుకుని తెల్లగానే ఉంటుంది, లోపల కుళ్ళు మొదలై ఉంటుంది. ముక్కు ఒక్కటే చెప్పాలి.

అందుకే కాబోలు, అత్త నాకు ముక్కు చదువు మొదలుపెట్టింది. రోజూ గంప సర్దే ముందు ఒక్కో రకం ఎండు చేప నా ముఖం ముందు పెట్టి, "వాసన సూసి సెప్పు" అనేది. బాగుంది అంటే తీసి గంపలో వేసేది. బాగాలేదంటే పక్కన పెట్టేది. కవళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు, చివరికి సొర. నెల రోజులు ఇదే తంతు. నేను సరిగ్గా చెప్పానో లేదో మాత్రం చెప్పదు. ఒక్కసారి, ఒక్కసారైనా బాగా చెప్పావే అనదు. పైగా నలుగురిలో తీసిపారేసేది. రాజాంలో ఒకామె మీ కోడలు బాగా నేర్చుకుంటోందా అని అడిగితే, దీని ముక్కు పుడక పెట్టుకోడానికే పనికొస్తుంది అంది. మాలాగే సంతలన్నీ తిరుగుతూ పక్క పట్టా మీద ఎండు చేపలే అమ్మే దాలయ్య పగలబడి నవ్వాడు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. నాకు తోడికోడలు లేని లోటు దాలయ్య తీర్చాడు.

మే నెలలో భావనపాడులో గంగమ్మ పండగ వచ్చింది. మా అమ్మ కబురు చేసింది. పండగ పడింది మంగళ, బుధవారాలు. నేను రెండు రోజులు వెళ్ళొస్తానన్నాను. బుధవారం సంత మానడానికి వీల్లేదంది అత్త. నువ్వొక్కదానివీ వెళ్ళలేవా, ముప్పై ఏళ్ళు వెళ్ళలేదా అన్నాను. ఆమె ఏదో అనబోయి ఆగిపోయింది. తరువాత, నువ్వు రావలసిందే అని మాత్రం అంది. గోవింద్‌కి చెప్పుకుంటే, అమ్మ మాట కాదనకే అని మళ్ళీ పేకముక్కలు చూసుకున్నాడు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. పండగ దాటిపోతుందే అన్న ఏడుపు కన్నా, నన్ను పూచికపుల్లలా తీసేశారన్న మంటే ఎక్కువ.

దానికి తోడు ముసురు. వేసవిలో వానేమిటో, రెండు రోజులు ఎండ ముఖం చూడలేదు. తాటాకుల కింద కప్పిన సరుకు కొంత చెమ్మగిల్లింది. బుధవారం తెల్లవారకుండా లాంతరు పెట్టుకుని గంపలు సర్దుతున్నాం. అత్త సొర ముక్క ఒకటి తీసి అటూ ఇటూ నొక్కింది.

"మెత్తగున్నట్టు ఉన్నాది. సూడు."

నేను ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పెట్టుకున్నానన్న మాటేగానీ ఊపిరి లోపలికి తీయలేదు. మళ్ళీ మొదలైందిరా పరీక్ష అనుకున్నాను. బాగుందంటే ఒక పోటు, బాగాలేదంటే ఒక పోటు. ఈవిడకు తెలియకనా నన్ను అడుగుతోంది? తనకి తెలిసిన సంగతే నా చేత చెప్పించి, ఆటోలో నలుగురి ముందు నవ్వుకోడానికి కాదూ?

"బాగున్నాది" అన్నాను.

"సరిగ్గా సూసి సెప్పే. బాలింతకి."

"బాగున్నాదని సెప్తన్నాను కదా!"

ఆమె ఇంకొక్క క్షణం ఆ ముక్కను చేతిలో పట్టుకుని నా వైపు చూసింది. తరువాత గంపలో అడుగున పెట్టింది. నేను ముఖం ముడుచుకుని ఆటో ఎక్కాను. దారిపొడుగునా మాట్లాడలేదు. మాట్లాడనందుకు ఆమె కూడా ఏమీ అనలేదు, నాకు అదీ కోపమే.

ఆ రోజు సంతలో సొర కొన్నది అసిరమ్మ. కొండ కింద పల్లెలో రెండెకరాల రైతు ఇల్లాలు. మా అత్త సరుకు అమ్మడం మొదలుపెట్టిన ఏడాది నుంచీ బేరం, మా అత్తను అక్క వరసతో అప్పా అని పిలిచేది. అసిరమ్మ బాలింతగా ఉన్నప్పుడు కూడా మా అత్త సొరే తిన్నదట. ఇప్పుడామె కూతురు ఆమని పురిటికొచ్చి ఆడపిల్లను కన్నది, పదకొండు రోజులయింది. అసిరమ్మ ముఖం వెలిగిపోతోంది. మనవరాలికి అసిరమ్మ తల్లి పోలికట, చెవులు చూస్తే తెలిసిపోతుందట. అత్త గంప అడుగు నుంచి ఆ ముక్క తీసింది. విరిచింది, కళ్ళు మూసుకుంది, వాసన చూసింది. పట్టుకెళ్ళు సెల్లీ అని ఆకులో చుట్టి ఇచ్చింది. కొసరుగా గుప్పెడు నెత్తళ్ళు పోసింది. అసిరమ్మ దాన్ని కొంగున కట్టుకుని వెళ్ళిపోయింది.

అత్త చూసింది కదా, ఇంక నాదేముంది అనుకున్నాను నేను. అంతే, ఆ తరువాత మరిచిపోయాను. ఆ సాయంత్రం గాజులు కూడా కొనుక్కున్నాను.

మళ్ళీ బుధవారం పొద్దెక్కాక అసిరమ్మ వచ్చింది. జుట్టు దువ్వుకోలేదు. ఎవరినీ పలకరించకుండా తిన్నగా మా పట్టా దగ్గరకు వచ్చి నిలబడింది. కొంగులోంచి ఆకు పొట్లం తీసి విప్పి చేపల మీద పెట్టింది. సగం వండగా మిగిలిన సొర ముక్క అది. విప్పీ విప్పగానే కంపు గుప్పుమంది. నెత్తళ్ళు ఏరుకుంటున్న సవరపిల్ల చెయ్యి వెనక్కు తీసుకుంది. దాలయ్య తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

కూతురికి నాలుగు రోజులు వాంతులు, విరేచనాలట. పాతపట్నం ఆసుపత్రిలో చేర్చి సెలైన్లు ఎక్కించారట. నిన్ననే ఇంటికి తెచ్చారు. ప్రాణం దక్కింది గానీ పాలు ఇంకిపోయాయి. అసిరమ్మ ఇదంతా గొంతు పెంచకుండా, పొలం సంగతి చెప్పినట్టు చెప్పింది.

మా అత్త ఆ ముక్క తీసుకుంది. రెండు చేతులతో పట్టుకుని మధ్యకి విరిచింది. కళ్ళు మూసుకుని, ముక్కుకు ఆనించి, గట్టిగా ఊపిరి తీసింది.

"బాగానే ఉన్నాది కదే సెల్లీ" అంది.

దాలయ్య తువ్వాలు తీయలేదు. అత్త కళ్ళు తెరిచి మా ముఖాలు ఒక్కొక్కటే చూసింది. అసిరమ్మనీ, దాలయ్యనీ, సవరపిల్లనీ. మళ్ళీ ఒకసారి వాసన చూసింది, ఈసారి కళ్ళు మూసుకోకుండా. అప్పుడు ముక్కను నా వైపు చాపింది.

"నీలవేణీ, నువ్వు సూసి సెప్పు."

నాకు అప్పుడు తెలిసింది. మాఘమాసంలో ఆమెకు వారం రోజులు జ్వరం వచ్చింది. అది తగ్గిన తరువాత పొయ్యి మీద అన్నం మాడి వీధంతా వాసనొస్తున్నా పక్కనే కూర్చుని చుట్ట పీల్చుకుంటూ ఉండిపోయింది. పొగకు ముక్కు మొద్దుబారిందని నేనూ గోవింద్ నవ్వుకున్నాం. ఆమె నాకు పరీక్షలు పెట్టలేదు. నెల రోజులుగా నా ముక్కుతో వ్యాపారం చేస్తోంది. నేను బాగుందన్నదల్లా గంపలో వేసింది, బాగాలేదన్నదల్లా పారేసింది. సంతలో కళ్ళు మూసుకుని వాసన చూడటం జనం కోసం. తన గుట్టు దాచుకోడానికి నన్ను నలుగురిలో తీసిపారేసింది, నేనేమో ఆ కోపంతో ఊపిరి బిగబట్టి అబద్ధం చెప్పాను.

ముక్కను నేను వాసన చూడనక్కర్లేదు. "పాడైపోనాది" అన్నాను.

ఆ రోజు బాగుందన్నావు కదే అని ఆమె అంటుందని ఎదురుచూశాను. అంటే బాగుండునని కూడా అనుకున్నాను, దేవుడి సాక్షిగా చెబుతున్నాను. నలుగురూ నన్ను తిట్టేవారు, ఆమె బయటపడేది. నాకై నేను మాత్రం చెప్పలేకపోయాను. అత్త నా ముఖంలోకి చూసింది. నేను తల వంచుకున్నాను.

"నాదే తప్పు సెల్లీ" అంది అత్త.

"ముక్కు ఎట్టి సూడకుండా ముప్పై ఏళ్ళు కొన్నాను అప్పా" అంది అసిరమ్మ. "తెలిసి తెలిసి నా బాలింతకి ఇచ్చినావు. ఇప్పుడు మళ్ళీ బాగున్నాదంతన్నావు." అంతే అంది. ఇంక తిట్టలేదు, శాపం పెట్టలేదు. తిరిగి వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళగానే దాలయ్య పక్కవాళ్ళకు వినబడేటట్టు, ముసురుకు తడిసిన సరుకు బాలింతలకు అంటగడితే ఉసురు ఊరికే పోతుందా అన్నాడు. మధ్యాహ్నానికి సంతంతా పాకింది. మా పట్టా ముందు ఒక్కరు ఆగలేదు. పొద్దు వాలకముందే అత్త పట్టా మడిచేసింది. అంతకు ముందు ఎన్నడూ ఆమె సరుకు మిగిలి ఉండగా పట్టా మడవడం ఎవరూ చూడలేదట.

ఆటోలో నేను ఆమె పక్కనే కూర్చున్నాను. మాట్లాడదామని నాలుగుసార్లు నోరు తెరిచాను. మిగిలిన ఆడవాళ్ళు ఉన్నారు కదా, ఇంటికెళ్ళాక చెబుదామనుకున్నాను. ఇంటికెళ్ళాక గోవింద్ ఉన్నాడు కదా, రేపు చెబుదామనుకున్నాను. అలా పది రోజులు పోయాయి. ఆ పది రోజులూ అత్త గడప దాటలేదు. తిట్టడం కూడా మానేసింది. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, గోవింద్ పేకాట మానేసి అస్తమానం ఇంటికొచ్చి అమ్మకేమైందని నన్నడిగేవాడు.

ఒక మధ్యాహ్నం ఆమె వలల గుట్ట మీద చేరగిలబడి ఉంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆ ముసురు రోజు తెల్లవారుజామున నేను వాసన చూడలేదత్తా, ఊపిరి బిగబట్టి అబద్ధం చెప్పాను అన్నాను. చెప్పి, కొడుతుందేమోనని ముఖం దగ్గరగానే ఉంచాను. కొడితే నాకు బరువు దిగేది.

కొట్టలేదు. చుట్ట నోట్లోంచి తీసి ఇసుకలో గుచ్చింది.

"ముక్కు పోనాదని నాకేల సెప్పలేదత్తా?" అన్నాను.

"సెప్తే? ముక్కు లేనిదాన్ని సంతకి ఎవులు రానిస్తారే? మూల కూకోమంతారు. నాకు మూల కూకోడం రాదు." మళ్ళీ, "దొంగముండ అనుకున్నా పరవానేదు, పనికిరానిదనుకోకుంతే సాలనుకున్నాను" అంది. "ఇప్పుడు రెండూ అయినాను."

నేను ఏడ్చాను. ఆమె నన్ను ఊరుకోబెట్టలేదు, కసరనూ లేదు.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి పాతపట్నం వెళ్ళాను. గంప లేదు గనక బస్సువాడు ఎక్కనిచ్చాడు. అక్కణ్ణుంచి ఆటోలో అసిరమ్మ వాళ్ళ పల్లె. ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళేసరికి ఆమె వాకిట్లో చేటలో బియ్యం ఏరుతోంది. లోపల పసిపిల్ల ఏడుస్తోంది. నేను గుమ్మం అవతలే నిలబడి మొత్తం చెప్పాను. జ్వరం సంగతి, నా అలక సంగతి, ఊపిరి బిగబట్టిన సంగతి. మా అత్త దొంగ కాదు, తప్పు నాది అన్నాను.

అసిరమ్మ చేట కింద పెట్టింది. నా వైపు చూడలేదు.

"ముక్కు పోనాదని నాతో ఒక్క మాట సెప్తే అయిపోనుగా" అంది. "నానే వాసన సూసి ఏరుకునీదాన్ని. అందరికీ నానే సూసి పెట్టీదాన్ని. ఆమె పక్కన కూకుని పెట్టీదాన్ని కాదేటి?"

కొంగుతో ముఖం తుడుచుకుని, అప్పను సంతకి రమ్మను అంది. నేను మాట్లాడితే వింటారు, దాలయ్య నోరు నేను మూయిస్తాను అంది. తరువాత నా వైపు తిరిగింది.

"నీ తప్పు మాత్రం కాయలేను అమ్మీ. నీ సేతి సరుకు నా గడప తొక్కదు. ఎల్లు."

లోపల పిల్ల ఇంకా ఏడుస్తూనే ఉంది. ఆమని సీసా కడుగుతూ దొడ్డి గుమ్మంలో కనబడింది, నా వయసుదే. నేను తల దించుకుని వచ్చేశాను.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలింది. అత్త అదే వలల గుట్ట మీద ఉంది. అసిరమ్మ అన్న మాటలు ఒక్కటి కూడా వదలకుండా చెప్పాను, పక్కన కూర్చుని వాసన చూసి పెడతానందని రెండుసార్లు చెప్పాను. వచ్చే బుధవారం ఇద్దరం వెళదాం అన్నాను. వింటూ వింటూ ఆమె ఒకసారి లేవబోయినట్టు చెయ్యి కింద ఆనించింది కూడా. నేను పట్టుకోబోయాను.

"బాలింతకి పాలొచ్చినాయా?" అని అడిగింది.

అబద్ధం చెబుదామా అనుకున్నాను. ఆ నోటితో మళ్ళీ చెప్పలేకపోయాను. రాలేదన్నాను, పిల్లకు డబ్బాపాలు పోస్తున్నారని చెప్పాను.

అత్త ఆనించిన చెయ్యి తీసేసి మళ్ళీ వల మీద చేరగిలబడింది.

"అయితే ఇంక నానేల వస్తాను" అంది.

జూన్ నడిమికి పడవలు మళ్ళీ నీళ్ళలో దిగాయి. వేటలో పడిన సొరను నేనే కోసి, నేనే ఉప్పు పట్టించి ఎండబెట్టాను. ఆమె మూల కూర్చుని చూసింది.